కక్ష్యలో శిలాఫలకం

అంతరిక్ష పరిశోధన అనగానే జనం రాకెట్టూ, ఇంధనమూ, పెద్ద పెద్ద లెక్కలూ అనుకుంటారు. అవన్నీ తరవాతి సంగతి. ముందు కావలసింది షామియానా. షామియానా కింద వేదిక, వేదిక మీద కుర్చీలు, ఏ కుర్చీలో ఎవరు కూర్చోవాలన్న స్పష్టత. ఇవి కుదిరితే చంద్రుడి దాకా వెళ్ళొచ్చు. కుదరకపోతే ఆఫీసు గేటు దాటడం కూడా కష్టమే. తూర్పుతీర అంతరిక్ష మండలిలో మర్యాదల విభాగానికి సూపరింటెండెంటుగా నా అనుభవం కొద్దీ ఈ మాట చెబుతున్నాను. నా పేరు ఓలేటి సుందరం. శాలువాలు, పూలగుత్తులు, రిబ్బన్లు, కత్తెరలు, శిలాఫలకాలు నా అధీనంలో ఉంటాయి. శాస్త్రవేత్తలు నా అధీనంలో లేరు గాని, సభలో చప్పట్లు ఎప్పుడు కొట్టాలో వాళ్ళకి సైగ చేసేది నేనే.

ఒక ఏడాది మాకో ఉత్తర్వు వచ్చింది. ఎక్కడో ఒక కాలవ మీద వంతెన కట్టి, దానికి శిలాఫలకం వెయ్యడం మరిచిపోయారట. ఆ ఊరి నాయకుడు వెళ్ళి వంతెన మధ్యలో బైఠాయించాడు. కింద కాలవ పారుతూనే ఉంది గాని, పైన బస్సులన్నీ ఆగిపోయాయి. దాంతో ప్రభుత్వం వారు, "ప్రజాధనంతో నిర్మించిన ప్రతి నిర్మాణమునకును, దాని పరిమాణముతోను ప్రయోజనముతోను నిమిత్తము లేకుండ, నల్లరాతి శిలాఫలకము విధిగా అమర్చవలెను" అని ఆదేశించారు.

మేం తు.చ. తప్పకుండా అమలు చేశాం. సైకిల్ స్టాండుకి వేశాం. క్యాంటీనులో మంచినీళ్ళ కూలరుకి వేశాం. ఫలకం కూలరు కన్నా జానెడు పెద్దది రావడంతో, దాహం వేసినవాళ్ళు ఫలకం వెనక్కి చెయ్యి పోనిచ్చి తడుముకుంటూ గ్లాసు పట్టుకోవలసి వస్తోంది. సగం నీళ్ళు చొక్కా చేతుల్లోకే పోతున్నాయి. అయినా ఎవరి దయవల్ల తడుస్తున్నారో తెలిసి తడుస్తున్నారు.

తరవాత ఉపగ్రహం వంతు వచ్చింది.

అది మా మండలి మొదటి ఉపగ్రహం. పాతకాలపు టీవీ పెట్టె అంత ఉంటుంది. దానిలో అసలు సరుకు ఒక్కటే, మేం 'కన్ను' అని పిలిచే పరికరం. అది పైనుంచి సముద్రాన్ని చూస్తూ, మబ్బు పోకడా గాలి పోకడా కనిపెట్టి, గాలివాన వస్తుందనుకుంటే నేరుగా చేపల పడవల్లో ఉండే చిన్న పెట్టెలకి కబురు పంపుతుంది. పెట్టె మీద ఎర్రదీపం వెలుగుతుంది. దీపం వెలిగితే వల లాగేసుకుని ఒడ్డుకి వచ్చెయ్యాలి. అంతే, ఇంక చదువుతో పనిలేదు.

ఆ కన్నుని తయారుచేసింది గనగళ్ల నూకరత్నం అనే ఇంజనీరు. చినమొగపాలెం అనే చేపలరేవులో పుట్టిన మనిషి. ఆమె చిన్నతనంలో తండ్రి ఒకరోజు పొద్దున్నే నవ్వుతూ వేటకి వెళ్ళాడు. సాయంత్రానికి తెప్ప ఒక్కటే ఒడ్డుకి వచ్చింది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. ఆమె చిన్నాన్న దానయ్య ఒకసారి మా ఆఫీసుకొచ్చి నాకు చెప్పాడు. అప్పటి నుంచి ఆ అమ్మాయి ఎదురుపడితే ముందు నేనే నమస్కారం పెట్టేవాణ్ణి.

మా డైరెక్టర్ శేషశయనం గారు ఫలకం విషయమై సమావేశం పెట్టారు. ఆయన పెద్ద శాస్త్రవేత్త. వయసులో ఉండగా ఏదో కనిపెట్టారు. అదేమిటో ఇప్పుడు ఆయనకి కూడా జ్ఞాపకం లేదు. ఏ ఫైలు వచ్చినా దాని మీద "చర్చించండి" అని రాస్తారు.

"ఉపగ్రహం నిర్మాణం కిందికి వస్తుందా, రాదా?" అన్నారాయన.

"అది పరికరం సార్," అంది నూకరత్నం.

"ప్రజాధనంతోనే కదా నిర్మించింది?"

"అవును సార్."

"అయితే ఇక చర్చ ఏముందమ్మా? సుందరం, రాయి చూడు."

నూకరత్నం బతిమాలింది. రాకెట్టు మనది కాదు, అద్దెది. మన వాటాకి ఇంత బరువని ఒప్పందం. అంతకు మించి ఒక పిడికెడు కూడా ఎక్కించుకోరు. పేర్లే కావాలంటే పల్చటి రేకు మీద చెక్కిద్దాం అంది. నేను మంత్రిగారి పేషీకి ఫోన్ చేసి అడిగాను. "శిలాఫలకంలో శిల లేకపోతే రేపు ప్రతిపక్షం వాళ్ళు దాన్ని డబ్బారేకు అనరా?" అని పేషీ వారు సెలవిచ్చారు. రేకు ఫైలు అక్కడితో మూసేశాం.

అసలు ఇబ్బంది పేర్ల దగ్గర మొదలైంది. మంత్రిగారి పేరు పైన పెద్దక్షరాల్లో ఉండాలని అందరూ ఒప్పుకున్నారు. ఈలోగా ఉపగ్రహం తన నియోజకవర్గం మీదుగా పోతుందని ఒక ఎమ్మెల్యేకి ఎవరో ఊదారు. "నా ఇలాకా మీదుగా పోతూ నా పేరు లేకపోవడమేంటి?" అని ఆయన ఎగిరిపడ్డాడు. ఆ వారంలో మిగతా ఎమ్మెల్యేలందరికీ భూగోళశాస్త్రం మీద ఒక్కసారిగా ఆసక్తి పుట్టింది. ప్రతి పేరుకీ ముందు 'గౌరవనీయులు శ్రీ' ఉండాలి, వెనక 'గారు' ఉండాలి. చివరికి ఒక సర్పంచి కూడా వచ్చి కూర్చున్నాడు. ఉపగ్రహం మీ ఊరి మీదుగా పోదండీ అని చెప్పి చూశాను.

"పోయేలా మళ్ళించండి. ఆర్టీసీ బస్సుని మళ్ళించలేదా?" అన్నాడు.

ఆయన పేరూ ఎక్కించాం.

పేర్లు పెరిగిన కొద్దీ రాయి పెరిగింది. రాయి పెరిగిన కొద్దీ యంత్రం తగ్గింది. మొదట అదనపు బ్యాటరీ తీసేశారు. తరవాత అదనపు రేడియో తీసేశారు. తీసిన ప్రతి సామానుకీ నూకరత్నం మొహం ఇంత చిన్నదయ్యేది. ఆఖరికి తిరగడానికి తప్పనిసరైన సరంజామా, కన్ను, ఇవే మిగిలాయి. అప్పటికీ బరువు ఎక్కువే ఉంది. డైరెక్టర్ గారు కన్ను వైపు చూశారు.

"అమ్మా, ఇది లేకపోతే ఉపగ్రహం తిరగదా?"

"తిరుగుతుంది సార్. కానీ ఎందుకు తిరుగుతున్నట్టు?"

"ఫలకం ఉందిగా."

ఆమె లేచి బయటికి వచ్చేసింది. నా గదికొచ్చి, "సుందరం గారూ, ఆ రాయి చెక్కేవాళ్ళెక్కడుంటారు?" అంది. ఇద్దరం వెళ్ళాం. రాయి పొడుగూ వెడల్పూ ముట్టుకోకుండా, మందం మాత్రం కోయించుకుంటూ పోయింది. రాయి అప్పడంలా అయింది. అది విరగకుండా వెనక ఏదో బలమైన గుడ్డ అతికించింది. ముందు నుంచి చూస్తే భారీ శిలాఫలకం, పక్క నుంచి చూస్తే ఏమీ లేదు. మా సంస్థలో పెద్దలెవరూ ఫలకాన్ని పక్క నుంచి చూడరు కాబట్టి చిక్కు రాలేదు. బరువు సరిపోయింది. కన్ను మిగిలింది. ఆ సాయంత్రం క్యాంటీనులో ఆమె నాకు మిరపకాయ బజ్జీలు తినిపించింది.

ఉపగ్రహానికి ఒక వైపు ఫలకం, దానికి సరిగ్గా వెనక వైపు కన్ను. కన్ను భూమిని చూస్తుంది, ఫలకం ఆకాశాన్ని చూస్తుంది. అలా అమర్చింది.

ఆవిష్కరణ రోజు వచ్చింది. ఉపగ్రహం ఉండే గదిలో దుమ్ము రేణువు కూడా ఉండకూడదు. అందుకని అనుచరులని కొద్దిమందినే, అంటే హాలు పట్టినంతమందినే లోపలికి పంపాను. అందరికీ తెల్లకోట్లు తొడిగాను. పూలదండలకి కూడా ప్లాస్టిక్ సంచులు తొడిగాను. కొబ్బరికాయ మాత్రం బయట కూలరు ఫలకం మీద కొట్టించాను. మంత్రిగారు తెర లాగారు. పేరు చదువుకున్నారు. రెండోసారి కూడా చదువుకున్నారు.

"అంతా బానే ఉంది గాని, పైకెళ్ళాక నా పేరు ఎటు తిరిగుంటది?"

"పైకి సార్. ఆకాశం వైపు," అంది నూకరత్నం. అబద్ధం చెప్పడం ఆమెకి రాదు.

"ఆకాశంలో ఓట్లున్నాయా?"

డైరెక్టర్ గారు చెమట తుడుచుకున్నారు. "ఇంతవరకు ఆధారాలు లభించలేదండి," అన్నారు.

"మరి? జనం తలెత్తి చూస్తే నా పేరు వెనకవైపు కనబడాలా?"

"అంత ఎత్తు నుంచి ఎటు వైపూ కనబడదు సార్," అంది నూకరత్నం.

"చూడు తల్లీ, గుళ్ళో ఫ్యాను రెక్కల మీద దాత పేరు రాస్తారు. ఫ్యాను తిరుగుతుంటే ఎవడికి కనబడుద్ది? అయినా రాస్తారా, లేదా? కనబడ్డం కాదు, గౌరవం ముఖ్యం."

ఎటు వైపు ఉంచాలన్నది కింద నుంచి ఆజ్ఞ పంపితే చాలునని డైరెక్టర్ గారికి ఎవరో చెవిలో చెప్పారు. పైకి వెళ్ళిన వెంటనే పేరు జనం వైపు తిప్పుతామని ఆయన అక్కడే మాట ఇచ్చేశారు.

"అట్లా తిప్పితే కన్ను ఆకాశం వైపు పోతుంది సార్. దానికి సముద్రం కనబడదు," అంది నూకరత్నం.

"అంతరిక్ష పరిశోధన అంటే ఆకాశం వైపు చూడడమే కదమ్మా!" అన్నారు డైరెక్టర్ గారు.

నేను చప్పట్లకి సైగ చేశాను. హాలంతా మోగిపోయింది. నూకరత్నం చేతులు మాత్రం కదల్లేదు. ఉద్యోగంలో చేరాక నా సైగకి చప్పట్లు కొట్టని మనిషిని అదే మొదటిసారి చూడడం. నాకు కోపం రాలేదు.

రాకెట్టు లేచింది. ఉపగ్రహం కక్ష్యలో కుదురుకుంది. పేరు జనం వైపు తిరిగింది. పార్టీ వాళ్ళు కూడళ్ళలో దూరదర్శినులు పెట్టి జనానికి ఆకాశం చూపించారు. ఒక కార్యకర్త 'గౌరవనీయులు' అన్న మాట స్పష్టంగా చదివానని పత్రికలకి చెప్పాడు. పట్టపగలు చదివాడట.

కన్ను కూడా పనిచేస్తూనే ఉంది. రోజూ నల్లటి బొమ్మలు పంపుతోంది. "పరికరము చీకటిని అత్యంత స్పష్టముగా చూపుచున్నది" అని వార్షిక నివేదికలో రాశాం. నూకరత్నం రోజూ వచ్చి ఆ నల్లబొమ్మల ముందు కూర్చునేది. భోజనం డబ్బా తెరవకుండానే ఇంటికి పట్టుకెళ్ళేది.

పడవలకి పెట్టెలు మాత్రం ఘనంగా పంచాం, ఒక్కోదాని మీదా మంత్రిగారి బొమ్మతో. కొన్నాళ్ళకి దానయ్య తన పెట్టెని సంచిలో వేసుకుని ఆఫీసుకొచ్చాడు.

"ఏటమ్మా ఇది?" అన్నాడు నూకరత్నంతో. "ఉప్పుగాలికి మంత్రి బొమ్మ ఎలిసిపోనాది గాని, దీపం మట్టుకు ఒక్కపాలీ ఎలగనేదు. మొన్న గాలొచ్చీసింది. పోలిగాడి పడవ తిరగబడిపోనాది. ఆడు ఈదుకొచ్చీసేడు, పడవ రానేదు."

"దీపం వెలగదు సిన్నాన్నా," అంది ఆమె. "కన్ను అటు తిరిగి ఉంది."

"మరి ఇటు తిప్పీరాదేటి?"

"తిప్పనివ్వరు."

"ఎవలు?"

ఆమె పెట్టె మీద వెలిసిపోయిన బొమ్మ చూపించింది. దానయ్య పెట్టెని మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు. "ఒగ్గీయి. కార్తీకం వచ్చీస్తన్నాది, గాలివాన్ల రోజులు. దేముడున్నాడులే," అని వెళ్ళిపోయాడు. ఆ అమ్మాయి ఆ రోజు గది తలుపు వేసుకుని ఏడ్చింది. నేను పక్క గదిలో రిబ్బను చుట్టుకుంటూ విన్నాను.

దేవుడి సంగతి నాకు తెలీదు గాని, కార్తీకానికి ముందే ఎన్నికల కోడ్ వచ్చింది.

ముందస్తు ఎన్నికలు. కోడ్ రాగానే ఊళ్ళో విగ్రహాలకి ముసుగులు కట్టారు. శిలాఫలకాలన్నిటికీ గుడ్డలు కప్పారు. మా కూలరుకి కూడా కప్పారు. ఇక గుడ్డ ఎత్తి, ఫలకం వెనక తడుముకుని నీళ్ళు తాగవలసి వచ్చింది. మర్నాడు ఎన్నికల పరిశీలకుడు గారి దగ్గర నుంచి డైరెక్టర్ గారికి ఫోన్ వచ్చింది.

"అధికార పార్టీ మంత్రి పేరు గల శిలాఫలకము ఓటర్ల తలల మీదుగా సంచరించుచున్నట్లు ఫిర్యాదు అందినది. సాయంత్రము లోగా దానిని గుడ్డతో కప్పి నివేదించగలరు."

"అయ్యా, అది అంతరిక్షంలో ఉంది," అన్నారు డైరెక్టర్ గారు.

"కోడ్ నుంచి అంతరిక్షమునకు మినహాయింపు ఉన్నట్లు మీ వద్ద ఉత్తర్వు ఉన్నదా?"

లేదు. మధ్యాహ్నం అత్యవసర సమావేశం. గుడ్డని పైకి పంపడానికి మరో రాకెట్టు కావాలి. రాకెట్టుకి టెండరు పిలవాలి. కోడ్ ఉండగా టెండరు పిలవకూడదు. గుడ్డ ఏ రంగుదైనా ఏదో ఒక పార్టీ జెండాలో ఆ రంగు ఉంటుంది. తెలుపు కూడా ఉంది. డైరెక్టర్ గారు ఫైలు మీద "చర్చించండి" అని రాసి, ఇంక చర్చించడానికి ఎవరూ మిగల్లేదని గమనించి, తల పట్టుకున్నారు.

అప్పుడు నూకరత్నం చాలా మెల్లగా, "గుడ్డ ఎందుకు సార్? తిప్పేద్దాం," అంది.

"ఎటు?"

"ఫలకాన్ని అటు వైపుకి. ఓటర్లు లేని వైపుకి."

ఆమె బల్ల కింద చేతులు ముడుచుకుని కూర్చుంది. ఆ వేళ్ళు తెల్లబడేలా బిగుసుకోవడం నాకు కనబడింది. పైకి మాత్రం గుమాస్తా సెలవు అడిగినంత మామూలుగా ఉంది మొహం.

పరిశీలకుడు గారు సూత్రప్రాయంగా అంగీకరించారు. కాని ఆ దిశలో ఓటర్లెవరూ లేరని ధ్రువపత్రం కావాలన్నారు. నేనే రాశాను. "సదరు దిశయందు నేటి వరకు ఓటర్లెవరును నమోదు కాలేదనియు, భవిష్యత్తులో ఎవరైన నమోదైనచో తక్షణమే తెలియజేయగలమనియు ధ్రువీకరించడమైనది." డైరెక్టర్ గారు సంతకం చేశారు. నా ఉద్యోగజీవితంలో నేను రాసిన కాగితాల్లో పనికొచ్చింది అదొక్కటే.

సాయంత్రానికి ఉపగ్రహం తిరిగింది. తెర మీద నలుపు నెమ్మదిగా ఒక అంచు నుంచి నీలమైంది. తరవాత మన తీరం గీత కనబడింది, దాని మీద పల్చగా మబ్బు. నూకరత్నం తెర మీద చెయ్యి పెట్టి, "ఇదిగో మా రేవు," అంది. నాకేమీ కనబడలేదు. నా కళ్ళద్దాలు తడిసిపోయాయి.

కార్తీకం మొదట్లోనే వాయుగుండం పట్టింది. పొద్దుటి పూట ఎండ కాస్తూనే ఉంది, సముద్రం నున్నగా ఉంది, పడవలన్నీ దూరాన వేటలో ఉన్నాయి. మధ్యాహ్నం నూకరత్నానికి ఫోన్ వచ్చింది. వెనక ఇంజను హోరు, ఒడ్డుకి దగ్గర పడ్డారేమో, అందులోంచి దానయ్య అరుపు.

"ఎలిగిందమ్మా! దీపం ఎలిగింది! అందరం ఎనక్కి తిరిగిపోనాం! గాలి నేదు ఏటి నేదు, అయినా దీపం ఎలిగిందని తిరిగిపోనాం!"

చీకటి పడే వేళకి గాలి వచ్చింది. ఎంత గాలంటే మా మండలి షామియానా ఎగిరిపోయి పక్క మండలంలో దొరికింది. చినమొగపాలెంలో ఇళ్ళ పైకప్పులు పోయాయి. సముద్రంలో మాత్రం ఒక్క మనిషీ లేడు.

ఇంక మిగిలిన భయం ఒక్కటే. ప్రచారంలో ఉన్న మంత్రిగారు ఫోన్ చేసి, "గెలిచిన గంటలో నా పేరు మళ్ళీ కిందికి తిప్పాలి," అన్నారు. డైరెక్టర్ గారు 'పూర్వస్థితి పునరుద్ధరణ' అని ఫైలు కూడా తెరిపించారు. ఓట్ల లెక్కింపు రోజు ఆఫీసంతా టీవీ ముందు ఉంటే, నూకరత్నం తన తెర ముందు కూర్చుని సముద్రాన్ని చూసుకుంటోంది. కడసారి చూపులా చూసుకుంటోంది. నేను లోలోపల దేవుణ్ణి ఒకటి కోరుకున్నాను. ప్రభుత్వోద్యోగి కోరుకోకూడనిది.

మంత్రిగారు ఓడిపోయారు. ప్రభుత్వమే మారిపోయింది.

కొత్త మంత్రిగారు మండలి సందర్శనకి వచ్చారు. నేను కొత్త శాలువా తీశాను. డైరెక్టర్ గారు ఆయనకి ఉపగ్రహం నమూనా చూపించారు. కొత్త మంత్రిగారు దాని మీద పాత మంత్రిగారి పేరు చదివి ముఖం చిట్లించారు.

"ఈ పేరిప్పుడు ఎటు తిరిగి ఉంది?"

"శూన్యం వైపు సార్," అంది నూకరత్నం. "పూర్వస్థితికి తెమ్మని ఫైలు నడుస్తోంది. మీరు ఊఁ అంటే ఈ పూటే జనం వైపు తిప్పేస్తాం."

"ఎవరా ఫైలు నడిపేది?" మంత్రిగారి గొంతు హాలంతా వినబడింది. "నేను ఈ కుర్చీలో ఉన్నంతకాలం ఆయన పేరు శూన్యంలోకే చూడాలి. అంగుళం కదిలినా ఊరుకోను. రాసుకోండి!"

డైరెక్టర్ గారు రాసుకున్నారు. నేను సైగ చెయ్యకముందే ఎవరో చప్పట్లు మొదలెట్టారు. చూస్తే నూకరత్నం.

అప్పటి నుంచి కన్ను సముద్రం వైపే చూస్తోంది. దానికి ఇంత గట్టి రక్షణ మరే ఉత్తర్వూ ఇవ్వగలిగేది కాదు. ఇప్పుడు రెండో ఉపగ్రహం తయారవుతోంది. దాని ఫలకం మీద కొత్త మంత్రిగారి పేరు ఇంకా పెద్దక్షరాల్లో ఉంటుంది. నూకరత్నం ఈసారి పేచీ పెట్టలేదు. రెండో కన్నుని కూడా సరిగ్గా పేరుకి వెనకే అమర్చింది. "ఆయన కూడా ఎప్పుడో ఒకప్పుడు ఓడిపోతారు కదా సుందరం గారూ," అంది, నాకు టీ అందిస్తూ.

మళ్ళీ ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. మొన్న పాత మంత్రిగారు ఓట్లడగడానికి చినమొగపాలెం వెళ్ళారు. ముందురోజు దానయ్య నా దగ్గరికొచ్చి, ఊరి తరపున సన్మానం చేస్తాం, మంచి శాలువా ఒకటి ఇప్పించమన్నాడు. మాజీలకి మా స్టాకులోంచి శాలువా ఇచ్చే నిబంధన లేదు. బీరువా వెతికి, ఆవిష్కరణ రోజున సర్పంచికని తెప్పించి మిగిలిపోయినది ఒకటి ఇచ్చాను. చూద్దామని నేను కూడా వెళ్ళాను.

ఒడ్డున పడవలన్నీ వరసగా ఉన్నాయి. మాజీ మంత్రిగారు మైకు అందుకుని, "నా పేరు మీద ఎగిరిన ఉపగ్రహమే ఈ ఊరిని కాపాడింది! నిజమా, కాదా?" అని గర్జించారు.

"నిజమే బాబూ!" అంది ఊరంతా ఒక్క గొంతుతో. ఆయన కళ్ళు చెమర్చాయి.

దానయ్య వేదిక ఎక్కి, శాలువాని ఆయన భుజాల చుట్టూ జాగ్రత్తగా కప్పాడు. రెండు చేతులూ జోడించాడు.

"తవఁరు ఓడిపోబట్టే గదా బాబూ, మావు బతికున్నాం," అన్నాడు. "ఈపాలి కూడా అలాగే దయుంచండి."

చప్పట్లకి సైగ చెయ్యవలసిన అవసరం నాకు కలగలేదు.